పైప్ గ్యాస్ లైన్ సేఫ్టీ చెకింగ్ ఎట్ల చెయ్యాలె, ఏ కాయితాలు అడగాలె: హన్మకొండ, కాజీపేట, వరంగల్ అపార్ట్‌మెంటోళ్ళకి సమగ్ర మార్గదర్శి

మన దిక్కు పైప్ గ్యాస్ ఇంకా కొత్తనే. సిలిండర్ అయితే మన అమ్మల కాలం నుంచి అలవాటు, అందుకే చాలామంది సిలిండర్‌కి తీసుకునే జాగ్రత్తలే పైప్ గ్యాస్‌కి కూడా తీసుకుంటరు, అండ్ల సగం పనికొస్తయి, సగం ఉల్టా అయితయి. ఇంకో సమస్య ఏందంటే అసోసియేషన్ల ఎవ్వలని అడిగినా "అది కంపెనీ వాళ్ళు చూసుకుంటరు" అంటరు, కంపెనీ తరఫున వచ్చిన పిలగాడిని అడిగితే "మీటర్ తర్వాత మీదే సార్" అంటడు. మరి ఎక్కడిదాకా ఎవరిది, ఎవరు ఏం చూడాలె, ఏ కాయితం ఉండాలె అన్నది గ్యాస్ వచ్చే దారి వెంబడే ఒక్కో స్టెప్ రాస్తున్న. అసోసియేషన్ సెక్రటరీలు, హోటల్ నడిపేటోళ్ళు, రోడ్డు పని పట్టుకునే చిన్న కాంట్రాక్టర్లు, పొలంల నుంచి లైన్ పోయిన రైతులు, ఎవరికి కావాల్సింది వాళ్ళు చదువుకోండి.

స్టెప్ 1: ముందుగాల గ్యాస్ గుణం తెల్సుకోండి

సిలిండర్ల వచ్చే ఎల్పీజీ గాలికంటే బరువు. లీకైతే కిందికి దిగుతది, నేల మీద పారుతది, మూలలకు పోయి కూర్చుంటది. పైప్ల వచ్చేది నేచురల్ గ్యాస్, అంటే ఎక్కువ భాగం మీథేన్, ఇది గాలిల సగం బరువుకి కొంచెం ఎక్కువ ఉంటది అంతే. లీకైతే పైకి పోతది, స్లాబ్ కింద, ఫాల్స్ సీలింగ్‌ల, అటక మీద చేరుతది. కాబట్టి సిలిండర్ కోసం కింద పెట్టిన గాలి జాలీ దీనికి అక్కరకు రాదు, పై భాగంల వెంటిలేటర్ తెరిచి ఉండాలె. మన దగ్గర ఏం చేస్తరు, కిచెన్ల దుమ్ము వస్తుందనో కోతులు వస్తున్నయనో పైన వెంటిలేటర్‌కి అట్ట పెట్టి టేప్ కొట్టేస్తరు. ఫస్ట్ అది పీకండి, కోతులకైతే ఇనుప జాలీ కొట్టించండి.

గ్యాస్ డిటెక్టర్ కొనేటోళ్ళు కూడా ఇక్కడనే తప్పుతరు. ఎల్పీజీకి నేల దగ్గర పెట్టేది, పైప్ గ్యాస్‌కి సీలింగ్ దగ్గర, అడుగు లోపు కిందికి పెట్టాలె. సిలిండర్ ఉన్నప్పుడు స్టవ్ గట్టు కింద పెట్టిన డిటెక్టర్‌ని అట్లనే ఉంచి పైప్ కనెక్షన్ తీసుకున్నరంటే అది మొత్తుకునేసరికి గది మొత్తం నిండి ఉంటది. గాలిల మీథేన్ 5 శాతం నుంచి 15 శాతం మధ్యల ఉన్నప్పుడే అంటుకుంటది. ఆ 5 శాతంల ఐదో వంతు, అంటే గాలిల 1 శాతం ఉన్నప్పుడే ముక్కుకి తెలిసేటట్టు వాసన కలపాలని రూల్.

వాసన అంటే గుర్తొచ్చింది, నేచురల్ గ్యాస్‌కి సొంతంగ వాసన లేదు. 1937ల అమెరికా టెక్సస్ రాష్ట్రంల న్యూ లండన్ అనే ఊర్ల బడి కింద వాసన లేని గ్యాస్ చేరి పేలి, దాదాపు 300 మంది, ఎక్కువ శాతం పిల్లలు చచ్చిపోయిన్రు, ఆ తర్వాతనే వాసన కలపడం చట్టాలల్లకి వచ్చింది. ఇప్పుడు కలిపేది మెర్‌కాప్టాన్ రకం మందు. అయితే ఇది సిటీల దిగే స్టేషన్ దగ్గర కలుపుతరు, అంటే ఊర్ల పొలాల మీదుగా పోయే పెద్ద ట్రంక్ లైన్ల గ్యాస్‌కి మామూలుగ వాసన ఉండదు. రైతులు ఈ ముక్క మాత్రం గట్టిగ గుర్తుపెట్టుకోవాలె, దీని గురించి కింద మళ్ళ చెప్త.

స్టెప్ 2: దారి గీసుకోండి, ఎవరిది ఎక్కడిదాకో రాసుకోండి

తెల్ల కాయితం తీసుకొని గీయండి. ట్రంక్ లైన్, సిటీ గేట్ స్టేషన్, అక్కడి నుంచి ఇనుప మెయిన్ లైన్, ఈ మెయిన్ లైన్ల 49 బార్ దాకా ప్రెషర్ ఉండొచ్చు. తర్వాత డిస్ట్రిక్ట్ రెగ్యులేటింగ్ స్టేషన్, అది తగ్గించి మామూలుగ 4 బార్‌కి తెస్తది, అక్కడి నుంచి గల్లీలల్ల పోయేది పసుపో ఆరెంజో రంగు ప్లాస్టిక్ పైపు, ఎండీపీఈ అంటరు. మీ గేటు దగ్గర అది భూమిల నుంచి లేచి జీఐ (జింక్ పూత పెట్టిన ఇనుప) పైపుగా మారి బిల్డింగ్ ఎక్కుతది, దాన్ని రైజర్ అంటరు. రెగ్యులేటర్, మీటర్ దాటినంక మీ స్టవ్ దగ్గర మిగిలేది 21 మిల్లీబార్, అంటే 21 సెంటీమీటర్ల నీళ్ళు నిలబెట్టేంత ప్రెషర్ మాత్రమే.

మీటర్ దాకా కంపెనీ ఆస్తి, కంపెనీ బాధ్యత. మీటర్ తర్వాత పైపు, వాల్వ్, రబ్బర్ ట్యూబ్, స్టవ్ మంచిగ ఉంచుకోవడం మన బాధ్యత, కానీ ఆ పైపుని కోయడం, జరపడం, కొత్త పాయింట్ తియ్యడం మాత్రం కంపెనీ పంపిన మనిషితోనే చేయించాలె. ఇంటీరియర్ డిజైన్ వాళ్ళు మాడ్యులర్ కిచెన్ కోసం ప్లంబర్‌తోని పైపు జరిపించి పైనుంచి ప్లైవుడ్ కొట్టేస్తున్నరు, ఇది మాత్రం ఎవరు అడ్డం చెప్పినా ఆపండి. నీళ్ళ పైపు జాయింట్ కారితే తడి కనపడ్తది, గ్యాస్ జాయింట్ కారితే కబోర్డ్ లోపల ఏం కనపడ్తది?

స్టెప్ 3: రోడ్డు తవ్వేటప్పుడు

గ్యాస్ లైన్లకు అన్నిటికంటే పెద్ద శత్రువు తుప్పు కాదు, జేసీబీ. మన నగరంల డ్రైనేజీ పనులు, మిషన్ భగీరథ పైపులు, ఫైబర్ కేబుల్, కరెంటు కేబుల్, ఒకరు పూడ్చి పోంగనే ఇంకొకరు తవ్వుతరు. గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ రోడ్ కటింగ్ పర్మిషన్ ఇచ్చిందంటే కింద గ్యాస్ లైన్ లేదని అర్థం కాదు, అది వేరే, ఇది వేరే.

తవ్వే ముందు ఏం చెయ్యాలె అంటే, 2023 మార్చిల కేంద్రం తెచ్చిన కాల్ బిఫోర్ యూ డిగ్ యాప్‌ల ఎక్కడ తవ్వుతున్నరో పెట్టాలె, దాంతోని ఆ జాగల లైన్లు ఉన్న సంస్థలకు కబురు పోతది. యాప్‌ల పెట్టినం గదా అని ఊకోవద్దు, గ్యాస్ కంపెనీకి కూడా ఫోన్ చేసి వాళ్ళ మనిషి వచ్చి లైన్ చూపించినంకనే మెషిన్ దింపాలె. ముందుగాల పారతోని, గడ్డపారతోని చిన్న గుంత చేత్తోనే తీసి చూడాలె. పైపు కనీసం మీటరు లోతుల ఉండాలె, దాని మీద ఓ అడుగు పైన పసుపు రంగు వార్నింగ్ మ్యాట్ పరిచి ఉంటది. ఆ మ్యాట్ కనపడ్డదంటే జేసీబీ అక్కడనే ఆగాలె, ఇంక మాట లేదు. రోడ్డు ఎత్తు పెంచి దించి చేసినకాడ, పక్క కాలువ తీసినకాడ ఆ మీటరు లోతు అట్లనే ఉంటదని నమ్మకం పెట్టుకోవద్దు.

బకెట్ పండ్లు తగిలి పైపుకి గీత పడ్డది, లీక్ లేదు, మట్టి కప్పేద్దాం అంటరు చూడు, అదే అన్నిటికంటే డేంజర్. ప్లాస్టిక్ పైపు గోడ మందంల పదో వంతుకి మించి గీత పడ్డదంటే ఆ ముక్క కోసి కొత్తది వెయ్యాల్సిందే. ఈరోజు లీక్ కాకపోయినా తర్వాత అక్కడనే పగుల్తది. చెప్తే కేసు అయితదని భయపడి కప్పేస్తున్నరు గానీ, చెప్పినదాంతోని అయ్యేది రిపేర్ బిల్లు, కప్పినదాంతోని అయ్యేది ఇంకోటి.

లీకే అయితే చేతులతోని మూసే ప్రయత్నం, గోనె సంచి కప్పే ప్రయత్నం చెయ్యకండి. ప్లాస్టిక్ పైపుల నుంచి గ్యాస్ జోరుగ కొడ్తుంటే పైపు మీద స్టాటిక్ కరెంట్ తయారైతది, దాని నిప్పురవ్వ చాలు. మెషిన్ ఇంజన్ బంద్ చేసి, మనుషులను గాలికి ఎదురు దిక్కు పంపించి, దూరం పోయినంక ఫోన్ చెయ్యండి.

స్టెప్ 4: బిల్డింగ్ బయట రైజర్

దీనికి సామాన్లు ఏమీ అక్కర్లేదు, కండ్లు చాలు. ఏడాదికి రెండుసార్లు, వానాకాలం ముందు ఒకసారి, అయిపోయినంక ఒకసారి, సెక్రటరీ, వాచ్‌మన్ ఇద్దరు కలిసి చుట్టు తిరగండి.

భూమిల నుంచి పైపు లేచే జాగ ఫస్ట్ చూడండి. ప్లాస్టిక్, జీఐ కలిసే జాయింట్ అక్కడనే ఉంటది, చుట్టు కాపలా గొట్టం ఉంటది. కారు రివర్స్ తీసేటప్పుడు తగిలిందా, వాన నీళ్ళు అక్కడనే నిలబడ్తున్నయా, మొక్కల కుండీలు ఆనించిన్రా చూడాలె. తర్వాత పైకి చూసుకుంట పోండి. క్లాంపుల దగ్గర పసుపు పెయింట్ లేచి ఎర్ర తుప్పు కారినట్టు గోడ మీద చారలు ఉంటయి, అది కనపడ్తే ఫోటో తీసి పెట్టుకోండి. బట్టలు ఆరేసే తాడు గ్యాస్ పైపుకి కట్టిన ఇండ్లు ప్రతీ అపార్ట్‌మెంట్‌ల ఉంటయి, నేనైతే మొదట కత్తెర తీసుకొనే పోత. డిష్ యాంటెనా వైరు, కూలర్ స్టాండ్, డెకరేషన్ లైట్లు, వినాయక చవితికి కట్టిన తోరణాలు, అన్నీ తియ్యాలె. ఎర్తింగ్ వైర్ గ్యాస్ పైపుకి కలిపిన ఎలక్ట్రీషియన్లు కూడా ఉన్నరు, అది కనపడ్తే ఆరోజే తీసేయించండి.

ఇగ కోతులు. హన్మకొండల కోతుల లొల్లి తెల్వనోళ్ళు లేరు, అవి రైజర్ పట్టుకొని మూడో అంతస్తు నుంచి కిందికి దిగుతయి, దూకినప్పుడల్లా క్లాంప్ ఇంత ఇంత లూజ్ అయితది. ఏ స్టాండర్డ్‌ల కూడా కోతుల గురించి రాసి ఉండదు కాబట్టి మనమే చూసుకోవాలె. పైపుని చేత్తోని మెల్లగ కదిపి చూడండి, ఆడ్తుందంటే క్లాంపులు టైట్ చేయించమని కంప్లైంట్ పెట్టండి.

ప్రతీ బ్లాక్‌కి రైజర్ వాల్వ్ ఎక్కడుందో వాచ్‌మన్‌కి తెల్సి ఉండాలె. తాళం వేసిన డబ్బాల ఉండి ఆ తాళం చెవి ఊరికి పోయిన మాజీ ప్రెసిడెంట్ దగ్గర ఉంటే ఆ వాల్వ్ ఉన్నా లేనట్టే.

స్టెప్ 5: కిచెన్ లోపల

కంపెనీ టెక్నీషియన్ ఏడాదికి ఒకసారైనా వచ్చి చెక్ చేసేటట్టు అడిగి పెట్టించుకోండి. వచ్చినోడు స్టవ్ ముట్టించి నీలం మంట చూసి సంతకం తీసుకొని పోతే అది చెకింగ్ కాదు. రెండు టెస్టులు చెయ్యాలె, మీరు పక్కన నిలబడి చూడాలె.

ఒకటి సబ్బు నీళ్ళు. గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం నీళ్ళల్ల కలిపి బ్రష్‌తోని మీటర్‌కి అటు ఇటు ఉన్న నట్లకి, యూనియన్ జాయింట్లకి, వాల్వ్ పిడి కింద, రబ్బర్ ట్యూబ్ ఎక్కించిన కొసలకి పూస్తరు. పెద్ద లీక్ అయితే వెంటనే బుడగ లేస్తది. చిన్న లీక్ అట్ల కాదు, పూసినంక ఒక నిమిషం దాకా ఏం కనపడదు, తర్వాత యూనియన్ అంచుకి ఒక పక్కన సన్న తెల్ల నురగ కొంచెం కొంచెం పేరుకుంటది, తుడిచినా మళ్ళ అక్కడనే వస్తది. అందుకే పూసి వెంటనే తుడిచేసేటోడిని నమ్మద్దు. అయిపోయినంక తడి గుడ్డతోని, తర్వాత పొడి గుడ్డతోని తుడవాలె, సబ్బు అట్లనే ఉంటే జాయింట్ తుప్పు పడ్తది. అగ్గిపుల్ల గీసి లీక్ చూసేటోళ్ళు ఇంకా ఉన్నరు, వాళ్ళను ఇంట్లకి రానియ్యకండి.

రెండోది మ్యానోమీటర్. యూ ఆకారంల ఉన్న గొట్టంల నీళ్ళు పోసి పైపుకి తగిలిస్తరు, గ్యాస్ ప్రెషర్‌కి ఒక పక్క నీళ్ళు దిగి ఇంకో పక్క లేస్తయి, రెండు పక్కలకు తేడా 21 సెంటీమీటర్ల దగ్గర రావాలె. అప్పుడు మీటర్ వాల్వ్, స్టవ్ నాబ్‌లు అన్నీ బంద్ చేసి కొన్ని నిమిషాలు వదిలేస్తరు. నీళ్ళు అట్లనే నిలబడ్తే లైన్ మంచిగుంది. దిగుతుంటే ఎక్కడో లీక్. ఒక్కోసారి దిగకుంట పైకి లేస్తది, చాలామంది దాన్ని పట్టించుకోరు, దాని అర్థం బంద్ చేసిన వాల్వ్ సరిగ్గ మూసుకుంటలేదు, లోపల నుంచి గ్యాస్ పాస్ అయితుంది అని. ఎమర్జెన్సీల మీరు మొదట తిప్పేది ఆ వాల్వే కాబట్టి మార్పించాలె. డిజిటల్ మ్యానోమీటర్ తెచ్చినా పద్ధతి ఇదే.

రబ్బర్ ట్యూబ్ మీద తారీకు ప్రింట్ అయి ఉంటది, అది దాటితే పగుళ్ళు లేకున్నా మార్చాలె. మీటరున్నర కంటే పొడుగు వద్దు, గోడల నుంచి, స్టవ్ వెనక వేడి తగిలేకాడ నుంచి తియ్యద్దు. సిలిండర్ స్టవ్‌నే వాడుతుంటే దాని జెట్లు మార్చిన్రా అడగండి. సిలిండర్ రెగ్యులేటర్ ఇచ్చేది 30 మిల్లీబార్, ఇక్కడ 21, గ్యాస్ వేడి కూడా వేరే, కాబట్టి పైప్ గ్యాస్‌కి జెట్ రంధ్రం పెద్దగ ఉండాలె. మంట పసుపుగ వచ్చి గిన్నె అడుగు నల్లగ అయితుందంటే సరిగ్గ కాలుతలేదు, కార్బన్ మోనాక్సైడ్ వస్తది. బాత్రూంల గ్యాస్ గీజర్ పెట్టినోళ్ళు దాని పొగ గొట్టం బయటికి తియ్యకుంటే ఇది చంపేస్తది, వాసన కూడా రాదు.

హోటళ్ళోళ్ళకు ఒక్క మాట: కిచెన్ బయట, మంట అంటుకున్నా చెయ్యి అందే జాగల మెయిన్ వాల్వ్ ఉండాలె, ప్రతీ బర్నర్‌కి మంట ఆరితే గ్యాస్ ఆపే డివైస్ ఉండాలె.

స్టెప్ 6: కాయితాలు, రూల్స్

పైప్ గ్యాస్‌కి రూల్స్ పెట్టేది పెట్రోలియం అండ్ నేచురల్ గ్యాస్ రెగ్యులేటరీ బోర్డు, 2006 చట్టం కింద వచ్చింది, పీఎన్‌జీఆర్‌బీ అంటరు. సిటీ గ్యాస్ లైన్లు ఎట్ల వెయ్యాలె, ఎట్ల టెస్ట్ చెయ్యాలె అన్నది 2008 రెగ్యులేషన్లల్ల ఉంది, ఈ ఫీల్డ్ల వాళ్ళు టీఫోర్ఎస్ అంటరు. ప్రమాదం వస్తే ఏం చెయ్యాలె అన్నది 2010 నాటి ఈఆర్డీఎంపీ రెగ్యులేషన్లల్ల, పాతబడుతున్న లైన్‌ని ఎట్ల కాపాడాలె అన్నది 2013 నాటి ఇంటెగ్రిటీ మేనేజ్‌మెంట్ రెగ్యులేషన్లల్ల ఉంటది. వీటికి తోడు ఆయిల్, గ్యాస్ కంపెనీల సేఫ్టీ చూసే కేంద్ర సంస్థ ఓఐఎస్‌డీ పెట్టిన 226 నంబర్ స్టాండర్డ్. సీఎన్‌జీ బంకులల్ల సిలిండర్ల సంగతి వేరే, అది పెసో, అంటే పేలుడు పదార్థాల సేఫ్టీ చూసే కేంద్ర సంస్థ వాళ్ళ లైసెన్స్.

బోర్డు ఆదేశాలు తప్పితే కంపెనీకి ఒక్కో తప్పుకి కోటి రూపాయల దాకా, తప్పు సాగుతుంటే రోజుకి 10 లక్షల దాకా పెనాల్టీ వెయ్యొచ్చని చట్టంల 28వ సెక్షన్. కాబట్టి మీరు మర్యాదగ రాతపూర్వకంగ అడిగితే వాళ్ళు జవాబు ఇస్తరు, ఫోన్ల అరిస్తే ఇయ్యరు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అడగాల్సినయి: లైన్ ఎక్కడ నుంచి పోయిందో చూపించే యాజ్ బిల్ట్ డ్రాయింగ్, మీ రైజర్ ప్రెషర్ టెస్ట్ రిపోర్ట్ తారీకుతో సహా, గ్యాస్ వదిలినప్పటి కమిషనింగ్ కాయితం, చివరి చెకింగ్ రిపోర్ట్, ఎమర్జెన్సీ నంబర్. గల్లీల 4 బార్ ప్లాస్టిక్ లైన్ వేస్తున్నప్పుడే మీరు చూస్తుంటే, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 6 బార్ గాలి పెట్టి 24 గంటలు నిలబెట్టిన చార్ట్ ఉంటది, అది చూపించమనండి. రిపోర్ట్ల ప్రతీ ఫ్లాట్‌కి ఒకే రీడింగ్, ఒకే టైం, ఒకే చేతిరాత ఉంటే ఆఫీసుల కూర్చొని నింపిన్రని అనుమానపడొచ్చు. నలభై ఫ్లాట్లకు అన్నిటికి సరిగ్గ 21.0 ఎట్ల వస్తది?

స్టెప్ 7: పొలంల నుంచి పెద్ద లైన్ పోయినోళ్ళు

కాకినాడ దిక్కు మల్లవరం నుంచి రామగుండం ఎరువుల ఫ్యాక్టరీకి గ్యాస్ తెచ్చే లైన్ మన ఉత్తర తెలంగాణల నుంచే వస్తది. ఇసొంటి లైన్లకు భూమి కొనరు, 1962 చట్టం కింద వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటరు, భూమి మార్కెట్ విలువల 10 శాతం, దాంతో పాటు పంట నష్టం ఇస్తరు. పట్టా మీ పేరు మీదనే ఉంటది. వరి, పత్తి, మిర్చి వేసుకోవచ్చు. ఇల్లు కట్టొద్దు, బావి, కుంట తవ్వొద్దు, చెట్లు పెట్టొద్దు, అంటే మామిడి తోట ఆ పట్టీల కుదరదు. బోరు వేసే ముందు కంపెనీని అడగండి.

గట్టు మీద పసుపు మార్కర్ రాళ్ళు, చిన్న డబ్బా ఉన్న స్తంభాలు కనపడ్తయి. ఆ డబ్బాల ఉండేది క్యాథోడిక్ ప్రొటెక్షన్ చూసే వైర్లు. ఇనుప పైపు తుప్పు పట్టకుంట సన్న కరెంటు పంపిస్తరు, పైపుకి మట్టికి మధ్య వోల్టేజీ కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్ లెక్కల మైనస్ 0.85 వోల్టులు, లేదా అంతకంటే ఎక్కువ నెగెటివ్ ఉండాలె. మన నల్లరేగడిల తేమ ఆగి తుప్పు త్వరగ పడ్తది, ఎండాకాలం నెర్రెలు వచ్చి పైపు పైపూతని గుంజుతది, కాజీపేట చుట్టుపక్కల రైలు కరెంటు లైన్ల పక్కన పోయే పైపుల మీదికి వేరే కరెంటు కూడా ఎక్కుతది, అందుకే ఈ రీడింగులు వదలకుంట తియ్యాలె. ఆ డబ్బా పగలగొట్టి రాగి వైర్ అమ్ముకుంటే వచ్చేది పావు కిలో రాగి పైసలు, పోయేది ఆ కిలోమీటరు లైన్ లెక్క.

పైపు లోపల తుప్పు బయటికి కనపడదు, దానికి పిగ్ అనే పరికరం లోపల నుంచి పంపి చూస్తరు. 2014 జూన్ 27న అప్పటి తూర్పు గోదావరి జిల్లాల నగరం అనే ఊర్ల గెయిల్ కంపెనీ గ్యాస్ లైన్ పగిలి ఇరవై మందికి పైగా చచ్చిపోయిన సంగతి అందరికి యాదికుంటది, అక్కడ పైపుల తేమ ఉన్న గ్యాస్ పోయి లోపల నుంచే తుప్పు తిన్నది.

ఈ లైన్ల వాసన ఉండదని పైన చెప్పిన గదా. కాబట్టి ముక్కుని కాదు, కండ్లు, చెవులను నమ్మండి: లైన్ మీద ఒక పట్టీ పంట ఒక్కటే ఎండిపోవడం, మడిల నీళ్ళల్ల బుడగలు ఆగకుంట రావడం, దుమ్ము లేవడం, సుయ్‌మని చప్పుడు. కనపడ్తే మోటర్ స్విచ్ వెయ్యకండి, బీడీ ముట్టియ్యకండి, మార్కర్ రాయి మీద ఉన్న నంబర్‌కి దూరం పోయి ఫోన్ చెయ్యండి.

స్టెప్ 8: లీక్ వస్తే వరుస

స్టవ్ నాబ్, మీటర్ వాల్వ్ బంద్. కిటికీలు, పై వెంటిలేటర్ తెరవండి. ఏ స్విచ్ ముట్టొద్దు, వెయ్యొద్దు, తియ్యొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా. లిఫ్ట్ వద్దు, మెట్లు దిగండి, కాలింగ్ బెల్ కొట్టకుంట తలుపు తట్టి పక్కోళ్ళను లేపండి. బయటికి వచ్చినంకనే ఫోన్: కంపెనీ ఎమర్జెన్సీ నంబర్, 101, లేదా 112. గ్యాస్ మంటగ కాలుతుంటే వాల్వ్ బంద్ చెయ్యకుండ మంట ఆర్పొద్దు, ఆరిన మంట వెనక గ్యాస్ గదిల నిండుతది, అది ఇంకా పాడు.

కంపెనీలు ఆన్‌సైట్ (తమ జాగల చేసే) మాక్ డ్రిల్ మూడు నెలలకోసారి, ఆఫ్‌సైట్ (బయట జనంతోని చేసే) డ్రిల్ ఏడాదికోసారి చెయ్యాలె. మీ కాలనీల ఒకటి పెట్టమని లెటర్ రాయండి, ఫైర్ స్టేషన్ వాళ్ళను కూడా పిలవమనండి, వాచ్‌మన్ చేత రైజర్ వాల్వ్ తిప్పించి చూడండి.

స్టెప్ 9: రిజిస్టర్, కంప్లైంట్

రెండు వందల పేజీల నోటుబుక్ చాలు. తారీకు, చూసింది ఎవరు, ఏ బ్లాక్, ఏం కనపడ్డది, ఫోటో ఎవరి ఫోన్ల ఉంది, కంప్లైంట్ నంబర్, పని అయిన తారీకు. వాట్సాప్ గ్రూప్‌ల పెట్టింది రికార్డ్ కాదు, గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద పోతది. కమిటీ మారితే ఈ బుక్కు, రైజర్ డబ్బా తాళం చెవులు సంతకం తీసుకొని అప్పజెప్పాలె.

ఫోన్ కంప్లైంట్‌కి పని కాకుంటే ఈమెయిల్, దానికీ కాకుంటే రిజిస్టర్డ్ పోస్ట్. బిల్లు, డిపాజిట్, సర్వీస్ లొల్లి అయితే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. సేఫ్టీ రూల్ తప్పుతున్నరు అన్న సంగతి అయితే నేరుగ పీఎన్‌జీఆర్‌బీకి రాయాలె, చట్టం 25వ సెక్షన్ కింద ఇచ్చే ఫిర్యాదుకి తప్పు జరిగినప్పటి నుంచి 60 రోజుల గడువు ఉంటది కాబట్టి రిజిస్టర్ల తారీకులు సరిగ్గ ఉండాలె, తుప్పు ఫోటో పక్కన స్కేల్ పెట్టి తియ్యండి, లెటర్‌కి జిరాక్స్ జత చెయ్యండి, ఒరిజినల్ మీ దగ్గరనే ఉంచుకోండి.